థిన్ పూల్‌లో ఉన్నదానికంటే ఎక్కువ కేటాయించవచ్చా? వీఎంలకు డిస్కు పంచేటప్పుడు నేను వేసే లెక్క

నమస్కారం. మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. మీ కార్యాలయంలో ఒకే హోస్టు సర్వర్ ఉంది, దాని మీద ప్రాక్స్‌మాక్స్ (ఒకే సర్వర్ మీద పలు వీఎంలను, అంటే వర్చువల్ యంత్రాలను నడిపే వ్యవస్థ) నడుస్తోంది. 1.92 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు రైడ్ కార్డు కింద మిర్రర్‌గా, అంటే ఒకదానికొకటి నకలుగా ఉన్నాయి, వాటి మీద ఎల్‌వీఎం-థిన్ పూల్ (లైనక్స్‌లో డిస్కు పంచే ఎల్‌వీఎం, వీఎంలు రాసే కొద్దీ చోటు తెంచి ఇచ్చే ఉమ్మడి నిల్వ) ఉంది. విడిగా 4 టీబీ హార్డ్ డిస్కులు రెండున్నాయి, అవీ మిర్రరే, బ్యాకప్‌లకు వాడుతున్నారు. లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే విండోస్ సర్వర్‌కు 250 జీబీ, డేటాబేస్‌కు 400, ఫైల్ సర్వర్‌కు 800, సీసీ కెమెరాల రికార్డింగుకు 600, వెబ్ సర్వర్‌కు 100, పరీక్షల కోసం పెట్టుకున్న రెండు వీఎంలకు చెరి 150. వెండర్లు అడిగినవన్నీ కలిపితే 2,450 జీబీ. పూల్ చూస్తే 1,635 జీబీ. అయినా ప్రాక్స్‌మాక్స్ అన్నిటినీ సృష్టించనిచ్చింది. ఇది సురక్షితమేనా, పూల్‌ను ఎంతవరకు నింపవచ్చు అన్నది మీ సందేహం.

సూటి జవాబు: మీ పరిస్థితిలో 2,450 ఇవ్వకండి. ఒకే హోస్టు, ఒకే పూల్, పక్కన సాయానికి మరో సర్వర్ లేదు. అలాంటి చోట కేటాయింపుల మొత్తం పూల్ పరిమాణం దాటకూడదు. నిజంగా నిండిన భాగం 80 శాతానికి చేరకూడదు. కెమెరాల వీఎంను వెంటనే ఎస్‌ఎస్‌డీ పూల్ నుంచి తీసి హార్డ్ డిస్కుల మీదికి మార్చండి. మిగతా వాటికి వెండరు అడిగినంత కాకుండా, ఇప్పుడు వాడుతున్నదానికి ఏడాది పెరుగుదల కలిపి ఇవ్వండి. తరువాత పెంచడం రెండు నిమిషాల పని. తగ్గించడం మాత్రం ప్రాణసంకటం.

ఇక కారణాలు.

మన ఊళ్లలో చెరువు కింద ఆయకట్టు రాసే తీరు మీకు తెలిసే ఉంటుంది. చెరువులో నీరు మూడు వందల ఎకరాలకు సరిపోతుంది, కాగితం మీద ఆయకట్టు ఐదు వందల ఎకరాలు ఉంటుంది. అందరూ ఒకేసారి నాట్లు వేయనంత కాలం ఏ గొడవా లేదు. థిన్ కేటాయింపు సరిగ్గా ఇదే. వీఎంకు 400 జీబీ డిస్కు అని చెబుతాం కానీ ఆ క్షణంలో పూల్‌లో ఒక్క బ్లాకు కూడా పోదు. గెస్టు, అంటే వీఎం లోపలి వ్యవస్థ, రాసే కొద్దీ ఒక్కో బ్లాకు పూల్ నుంచి తెగుతుంది. మనం ఇచ్చిన అంకె ఒక మాట మాత్రమే. ఆ మాట నిలబెట్టుకోవాల్సిన భారం హోస్టుది.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, పూల్ అడుగంటిందన్న సంగతి గెస్టుకు తెలియదు. గెస్టు లోపల డిస్కు ఖాళీ చూస్తే 400లో 180 జీబీ ఇంకా ఉందని చూపిస్తుంది. ఆ లెక్క నమ్మి డేటాబేస్ నిశ్చింతగా రాస్తూ పోతుంది. ఇంతలో పరీక్షల కోసం పెట్టుకున్న ఏదో చిన్న వీఎంలో లాగ్ ఫైలు అదుపు తప్పి పెరిగి పూల్‌ను నింపేసిందనుకోండి, దెబ్బ ఆ చిన్న వీఎంతో ఆగదు. కొత్త బ్లాకు అడిగిన ప్రతి వీఎంకూ తగులుతుంది. లైనక్స్‌లో మామూలు అమరిక ప్రకారం పూల్ నిండాక కొత్త బ్లాకు కావాల్సిన రాతలు 60 సెకన్ల పాటు వరుసలో ఆగుతాయి. ఆలోగా పూల్ పెరగకపోతే చోటు లేదన్న లోపం వెనక్కి వస్తుంది. అప్పుడు వీఎంను నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూ దాన్ని ఉన్నచోటనే నిలిపేస్తుంది, ప్రాక్స్‌మాక్స్ తెర మీద ఐఓ-ఎర్రర్ అని కనిపిస్తుంది. ఇది కాస్త మంచి ముగింపే, ఎందుకంటే పూల్‌కు చోటు కలిపి వీఎంను మళ్లీ కదిలించవచ్చు. పూల్ తన బ్లాకుల చిట్టా రాసుకునే మెటాడేటా భాగం నిండితే పరిస్థితి ఇంకా కఠినం. పూల్ చదవడానికి మాత్రమే పనికొచ్చే స్థితికి పడిపోతుంది, దాన్ని ఆపి తనిఖీ చేసి బాగు చేస్తే గానీ రాతలు మొదలుకావు. అందుకే నేను డేటా శాతంతో పాటు మెటాడేటా శాతాన్నీ చూస్తాను. చాలామంది మొదటిది చూసి రెండోది వదిలేస్తారు.

మీకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్నారు. నిజానికి ఎల్‌వీఎం చెప్పింది. థిన్ వాల్యూముల మొత్తం పూల్ పరిమాణాన్ని మించిపోయిందని ఎల్‌వీఎం ఒక హెచ్చరిక రాస్తుంది. డిస్కు సృష్టించినప్పుడు వచ్చే టాస్క్ లాగ్ తెరిచి చూస్తే దొరుకుతుంది. పని విజయవంతం అని పచ్చటి గుర్తు కనబడగానే ఆ కిటికీ మూసేస్తాం కాబట్టి అది మన కంట పడదు.

మీ 1,635 జీబీ ఎలా వచ్చింది

చాలామందికి ఇక్కడే అనుమానం వస్తుంది కాబట్టి లెక్క చెబుతాను. డిస్కు తయారీదారులు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్క కడతారు. హోస్టు 1,024 చొప్పున కొలుస్తుంది. అందుకని 1.92 టీబీ డిస్కు హోస్టుకు సుమారు 1,788 జీబీగా కనిపిస్తుంది. అందులో ప్రాక్స్‌మాక్స్ తాను ఉండే రూటుకు 96, ర్యామ్‌కు ఆసరాగా ఉండే స్వాప్‌కు 8, వాల్యూమ్ గ్రూపులో (ఎల్‌వీఎం చేతిలో ఉన్న మొత్తం చోటు) వాడకుండా వదిలే 16, పూల్ మెటాడేటాకు సుమారు 16, ఆ మెటాడేటా చెడితే బాగు చేయడానికి అట్టిపెట్టే మరో 16 పోతాయి. మిగిలింది మీరు చూస్తున్న అంకె. ఆ వాడకుండా వదిలిన 16 జీబీని వృథా అనుకుని పూల్‌లో కలిపేయకండి. ఆపద వేళ అది ఎలా పనికొస్తుందో కింద చెబుతాను.

ఎంత ఖాళీ ఉంచాలి అన్నది శాతం కాదు, రోజులు

80 శాతం అని పైన రాశాను. అది చివరి గీత. మీకు ఫోను మోగాల్సిన గీత అంతకంటే ముందే ఉండాలి. ఎక్కడ ఉండాలన్నది ఒక్కో చోట ఒక్కో రకం. నేను మూడు అంకెలు తీసుకుంటాను. మొదటిది, పూల్ రోజుకు సగటున ఎంత నిండుతోంది. రెండోది, చోటు చాలదని తెలిసిన రోజు నుంచి కొత్త డిస్కు సర్వర్‌లోకి ఎక్కే దాకా ఎన్ని రోజులు పడుతుంది. కొటేషన్లు, సంతకాలు, బిల్లు, రవాణా, పని ఆపడానికి దొరికే ఆదివారం, ఇవన్నీ కలపాలి. మూడోది, ఒక్కసారిగా జరగగల అతి పెద్ద ఖర్చు. సాధారణంగా అది అన్నిటికంటే పెద్ద బిజీ వీఎం డిస్కు మీద స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితిని పట్టి ఉంచే కాపీ) ఉండగా ఆ డిస్కు మొత్తం తిరగరాయబడటం.

ఉదాహరణకు మీ పూల్ రోజుకు 3 జీబీ నిండుతోంది, డిస్కు రావడానికి 30 రోజులు పడుతుంది అనుకుందాం. 90 జీబీ అయింది. అంచనా తప్పడం సహజం కాబట్టి రెట్టింపు చేస్తాను, 180. డేటాబేస్ డిస్కు 300 జీబీ ఉంటే అది కూడా కలిపితే 480. 1,635లో 480 తీసేస్తే 1,155, అంటే 70 శాతానికి కొద్దిగా పైన. మీకు మొదటి హెచ్చరిక అక్కడ రావాలి. అదే హోస్టు ఒక పెద్ద డేటా సెంటర్‌లో ఉండి, అలమరలో విడి డిస్కులు సిద్ధంగా ఉంటే 85 దగ్గర పెట్టినా ఇబ్బంది లేదు. ఎవరో రాసిన శాతాన్ని చూసి పెట్టుకోవడం కంటే మీ కార్యాలయంలో ఒక కొనుగోలు కాగితం ఎన్ని బల్లలు తిరుగుతుందో లెక్కపెట్టుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

ఆ హెచ్చరిక తెర మీద ఉంటే చాలదు. ప్రతి ఐదు నిమిషాలకూ ఎల్‌వీఎస్ ఆదేశం ఇచ్చే డేటా, మెటాడేటా శాతాలను చదివి, గీత దాటితే ఇద్దరు మనుషులకు సందేశం పంపే చిన్న స్క్రిప్టు చాలు. ఒక్కరికే పంపితే ఆ ఒక్కరు సెలవులో ఉన్న రోజే అవసరం పడుతుంది. పూల్ తనంతట తాను పెరిగే సదుపాయం ఎల్‌వీఎంలో ఉంది కానీ మామూలు అమరికలో దాని గీత 100 దగ్గర ఉంటుంది, అంటే ఆపివేసినట్టే. దాన్ని 80కి మార్చినా వాల్యూమ్ గ్రూపులో ఖాళీ ఉంటేనే ఫలితం.

కెమెరాల వీఎం ఎందుకు మారాలి

థిన్ పద్ధతి ఒక నమ్మకం మీద నడుస్తుంది: అందరూ తమ వాటా పూర్తిగా వాడరని. రికార్డింగు సాఫ్ట్‌వేర్ ఆ నమ్మకానికి పూర్తిగా విరుద్ధం. ఇచ్చిన చోటు మొత్తం నింపి, తరువాత పాత వీడియో చెరిపి కొత్తది రాయడమే దాని పని. 600 ఇస్తే కొన్ని వారాల్లో 600 నిండి తీరుతుంది. అలాంటి వీఎంకు థిన్ వల్ల ఒక్క జీబీ లాభం లేదు. పైగా అది రాత్రింబవళ్లు రాస్తూ ఎస్‌ఎస్‌డీ ఆయుష్షును తింటుంది. హార్డ్ డిస్కుల మీద పూర్తి కేటాయింపుతో, అంటే మొదటే 600 జీబీ విడిగా కోసి ఇవ్వండి. వరుసగా రాసే పనికి హార్డ్ డిస్కు చక్కగా సరిపోతుంది. బ్యాకప్‌ల జాబితాలోంచి కూడా ఆ డిస్కును తీసేయండి. లేకపోతే ప్రతి రాత్రీ 600 జీబీ వీడియో మోస్తూ కూర్చుంటారు.

మిగతా వాటికి నేనైతే ఇలా ఇస్తాను: లెక్కల విండోస్ సర్వర్‌కు 150, డేటాబేస్‌కు 300, ఫైల్ సర్వర్‌కు 450, వెబ్ సర్వర్‌కు 60, పరీక్షల వీఎంలకు చెరి 60. మొత్తం 1,080 జీబీ, పూల్‌లో 66 శాతం. అన్నీ కట్ట దాకా నిండినా పూల్ బతుకుతుంది. ఈ ఒక్క వాక్యం రాత్రి నిద్రపోనిస్తుంది. ఫైల్ సర్వర్‌లో ఇప్పుడు 310 జీబీ ఉందన్నారు కాబట్టి 450 ఏడాదికి సరిపోవాలి. వెండరు 800 కావాలని పట్టుబడితే, కావాల్సిన రోజున అరగంటలో పెంచి ఇస్తానని రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లు అడిగే అంకెల్లో చాలావరకు ఏ లెక్కా ఉండదు, ముందు జాగ్రత్తగా గుండుగుత్తగా వేసినవే.

స్నాప్‌షాట్ సంగతి

నేను చూసిన పూల్ ప్రమాదాల్లో ఎక్కువ భాగం కేటాయింపు వల్ల జరగలేదు, మరిచిపోయిన స్నాప్‌షాట్ వల్ల జరిగాయి. స్నాప్‌షాట్ తీసిన క్షణంలో అది ఏమీ తినదు. ఆ తరువాత గెస్టు పాత బ్లాకును మార్చిన ప్రతిసారీ పాతది అలాగే ఉండి కొత్తదానికి వేరే చోటు కావాలి. 300 జీబీ డిస్కు, దాని మీద ఒక స్నాప్‌షాట్, కొన్ని నెలల పని కలిస్తే 600 జీబీ అవుతుంది.

విజయవాడలో ఒక మందుల టోకు వ్యాపారి సర్వర్‌ను కొంతకాలం నేను చూసుకున్నాను. ఫిబ్రవరిలో వారి సాఫ్ట్‌వేర్ మనిషి కొత్త వెర్షన్ ఎక్కించే ముందు డేటాబేస్ వీఎంకు స్నాప్‌షాట్ తీశాడు. మంచి అలవాటే. వెర్షన్ బాగా నడిచింది, స్నాప్‌షాట్ సంగతి అందరూ మరిచారు. అప్పటికి పూల్ 71 శాతం. మార్చి చివరి వారంలో సంవత్సరాంతపు లెక్కలు మొదలయ్యాయి. పాత నమోదులన్నీ తిరగరాసే పని అది. మార్చి 30 రాత్రి పదిన్నరకు నాకు ఫోను వచ్చింది. బిల్లింగు ఆగింది, లెక్కలు ఆగాయి, వాటితో ఏ సంబంధమూ లేని హాజరు వీఎం కూడా ఆగింది. పూల్ 100 శాతం.

అక్కడ నేను చేసిన పని వరుస మీకు ఉపయోగపడవచ్చు. ముందుగా ఏ వీఎంనూ బలవంతంగా రీస్టార్టు చేయలేదు. ఆగి ఉన్న వీఎం జ్ఞాపకంలో ఇంకా డిస్కుకు చేరని రాతలు ఉంటాయి, రీస్టార్టు చేస్తే అవి పోతాయి. వాల్యూమ్ గ్రూపులో వదిలి ఉంచిన 16 జీబీని పూల్‌లో కలిపాను. పూల్ ఊపిరి పీల్చుకుంది. వెంటనే ఆ పాత స్నాప్‌షాట్ తొలగించాను. శాతం 78కి దిగింది. ఆ తరువాతే ఒక్కో వీఎంను మళ్లీ కదిలించాను, డేటాబేస్‌ను అన్నిటికంటే చివర. డేటాబేస్ తన తనిఖీలో తప్పులేమీ చూపలేదు. ఆ 16 జీబీ లేకపోతే ఆ రాత్రి పదిన్నరకు డిస్కు ఎక్కడ తెచ్చేవాడిని? అందుకే దాన్ని ముట్టుకోవద్దని అంత గట్టిగా చెప్పాను.

అప్పటినుంచి నా నియమం ఒకటే: స్నాప్‌షాట్ పేరులోనే తీసినవారి పేరు, తొలగించాల్సిన తేదీ ఉండాలి. మూడు రోజులు దాటిన ప్రతి స్నాప్‌షాట్ జాబితా ఉదయం మెయిలులో రావాలి. వీఎంల సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్ కూడా ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దనే చెబుతుంది. వీఎం ర్యామ్‌ను కూడా కలిపి స్నాప్‌షాట్ తీస్తే ఆ జ్ఞాపకమంతా పూల్‌లోకే వచ్చి పడుతుందని గుర్తుంచుకోండి. 32 జీబీ ర్యామ్ ఉన్న వీఎంకు అది చిన్న మోత కాదు.

చెరిపిన చోటు తిరిగి రావాలంటే

గెస్టులో 100 జీబీ ఫైళ్లు చెరిపారు, పూల్ శాతం కదలలేదు. ఈ ఫిర్యాదు నేను తరచూ వింటాను. గెస్టు ఫైలు చెరిపితే తన చిట్టాలో గీత కొడుతుందే తప్ప ఆ బ్లాకు అక్కర్లేదని హోస్టుకు చెప్పదు. చెప్పే పద్ధతి పేరు డిస్కార్డ్. ప్రాక్స్‌మాక్స్‌లో వీఎం డిస్కు అమరికలో డిస్కార్డ్ పెట్టె టిక్ చేయాలి, కంట్రోలరుగా వర్ట్‌ఐఓ స్కజీ వాడాలి. గెస్టు లోపల లైనక్స్ అయితే చెరిపిన చోటును హోస్టుకు చెప్పే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ ఆదేశం వారానికి ఒకసారి నడవాలి. ఉబుంటులో ఆ టైమరు ముందే ఉంటుంది, మిగతా వాటిలో ఒకసారి చూసుకోండి. విండోస్ అయితే డ్రైవ్ ఆప్టిమైజ్ చేసే వారపు షెడ్యూలు ఆన్‌లో ఉంటే చాలు. టిక్ పెట్టి వదిలేయకండి. ఒకసారి చేత్తో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిపి హోస్టులో శాతం దిగిందో లేదో కళ్లతో చూడండి. స్నాప్‌షాట్ పట్టుకుని ఉన్న బ్లాకులు మాత్రం డిస్కార్డ్ చేసినా విడుదల కావు.

ఒకే డిస్కును ఇద్దరు ముట్టుకోకూడదు

చోటు సరిపోవడం ఒక్కటే సురక్షితం కాదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనేవి డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌లు, వీటిలో ఏదీ ఒకేసారి రెండు యంత్రాలు మౌంట్ చేయడానికి, అంటే తెరిచి వాడటానికి తయారు కాలేదు. వీఎం నడుస్తుండగా దాని డిస్కును హోస్టులో మౌంట్ చేస్తే లోపలి నిర్మాణం చెడుతుంది. నాతో పనిచేసిన ఒక యువకుడు గెస్టులోని ఒక్క ఫైలు చూడటానికి, రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తున్నాను కదా, ఏమవుతుంది అనుకున్నాడు. కానీ ఎక్స్‌టీ4 చదవడానికి మాత్రమే మౌంట్ చేసినా ముందుగా జర్నల్‌లో, అంటే మార్పుల చిట్టాలో మిగిలిన రాతలను డిస్కు మీద అమలు చేస్తుంది. అక్కడ గెస్టు కూడా అదే జర్నల్‌తో పని చేస్తోంది. రెండు గంటల తరువాత ఆ వీఎం ఫైల్ సిస్టమ్ లోపాలతో చదవడానికి మాత్రమే పనికొచ్చే స్థితికి మారింది. ముందు రోజు బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకున్నాం, ఒక రోజు పని పోయింది. ఫైలు కావాలంటే బ్యాకప్‌లోంచి తీయండి, లేదా గెస్టు ద్వారానే తెచ్చుకోండి.

భౌతిక డిస్కును నేరుగా వీఎంకు ఇవ్వాల్సి వస్తే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లతో ఇవ్వకండి. రీబూట్ తరువాత ఆ పేర్లు తారుమారు కావచ్చు. డిస్కు సీరియల్ నంబరుతో ఉండే బై-ఐడీ దారి వాడండి. అలాగే గెస్టు లోపల కూడా ఎల్‌వీఎం వాడుతుంటే ఆ వాల్యూములను హోస్టు తనవిగా గుర్తించి తెరవకుండా ఎల్‌వీఎం అమరికల్లో గ్లోబల్ ఫిల్టర్ ఉండాలి.

హోస్టు రూటును కాపాడండి

రూటు నిండితే వీఎంలు నడుస్తూనే ఉండవచ్చు కానీ మీరు లోపలికి వెళ్లలేరు. ప్రాక్స్‌మాక్స్ తన అమరికలన్నీ ఉంచే చిన్న డేటాబేస్ రూటులోనే ఉంటుంది, అది రాయలేకపోతే వెబ్ తెరలో లాగిన్ కూడా కాదు. ఇది ఎలా నిండుతుందో నాకు ఎదురైన సంగతి చెబుతాను. బ్యాకప్‌ల డిస్కు ఒక ఫోల్డరు దగ్గర మౌంట్ అయి ఉండేది. కరెంటు పోయి హోస్టు తిరిగి లేచినప్పుడు ఆ డిస్కు మౌంట్ కాలేదు. ఫోల్డరు మాత్రం ఉంది కదా, రాత్రి బ్యాకప్ పని ఆ ఖాళీ ఫోల్డరులోకే, అంటే రూటులోకే రాసుకుంటూ పోయింది. తెల్లవారేసరికి 96 జీబీ నిండిపోయింది. ఆ స్టోరేజీ అమరికలో ఇది మౌంట్ పాయింటు అని చెప్పే ఐచ్ఛికం ఒకటుంది, ఈజ్-మౌంట్‌పాయింట్. దాన్ని పెడితే డిస్కు మౌంట్ కానప్పుడు ప్రాక్స్‌మాక్స్ ఆ స్టోరేజీని వాడదు. బ్యాకప్ జరగలేదన్న మెయిలు వస్తుంది, అది మంచి విషయమే. మీ 4 టీబీ జత ఫోల్డరు పద్ధతిలో ఉంటే ఈ రోజే పెట్టుకోండి.

ఆ జత గురించి ఇంకో మాట. అదే పెట్టెలో, అదే రైడ్ కార్డు కింద, అదే కరెంటు మీద ఉన్న కాపీని బ్యాకప్ అనుకోకండి. మిర్రర్ ఒక డిస్కు పోయినప్పుడు కాపాడుతుంది, చెరిపివేతను కూడా అంతే విధేయంగా రెండు డిస్కుల మీదా చేస్తుంది. మరో గదిలో ఒక పాత కంప్యూటర్ మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ పెట్టినా మీకు సరిపోతుంది. ఒకేలా ఉన్న ముక్కలను అది ఒక్కసారే దాస్తుంది కాబట్టి చోటు తక్కువ పడుతుంది. మూడు నెలలకు ఒకసారి ఏదో ఒక వీఎంను వేరే పేరుతో తిరిగి తెచ్చి తెరిచి చూడండి.

పెంచడం, తగ్గించడం గురించి క్లుప్తంగా. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు పెంచాక గెస్టులో పార్టిషన్‌ను, తరువాత ఫైల్ సిస్టమ్‌ను కూడా పెంచాలి. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఎన్‌టీఎఫ్‌ఎస్ మూడూ నడుస్తుండగానే పెరుగుతాయి. తగ్గించే బొత్తామే ప్రాక్స్‌మాక్స్‌లో లేదు. గెస్టులో ముందు ఫైల్ సిస్టమ్‌ను కుదించకుండా హోస్టులో వాల్యూమ్‌ను కోస్తే చివరి భాగం దత్తాంశం శాశ్వతంగా పోతుంది. ఇప్పటికే 800 ఇచ్చేసిన ఫైల్ సర్వర్‌కు నేనైతే కుదించే పని పెట్టుకోను. కొత్తగా 450 డిస్కు ఒకటి అదనంగా ఇచ్చి, లోపలి నుంచే ఫైళ్లు నకలు చేసి, సరిచూసి, వారం ఆగి, పాతదాన్ని తీసేస్తాను. ఆ వారం రెండు కాపీలూ పూల్‌లో ఉంటాయి. అందుకే కెమెరాల డిస్కు ముందు బయటికి పోవాలి.

ఎల్‌వీఎం బదులు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే నిల్వ వ్యవస్థకు మారాలా అని కూడా అడిగారు. రైడ్ కార్డు మిర్రర్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ వేయకండి, దానికి డిస్కులు నేరుగా కనిపించాలి. ఎప్పుడైనా మారితే రెండు విషయాలు తెలిసి ఉండాలి. థిన్ టిక్ పెట్టకపోతే అది వాల్యూమ్‌కు మొత్తం చోటు రిజర్వు చేస్తుంది. ఆ వాల్యూమ్‌కు స్నాప్‌షాట్ తీయాలంటే దాదాపు నిండిన భాగమంత చోటు మళ్లీ ఖాళీగా ఉండాలి, లేకపోతే స్నాప్‌షాట్ విఫలమవుతుంది. రెండోది, జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత రైడ్ పద్ధతి రైడ్-జెడ్ మీద చిన్న బ్లాకు పరిమాణం చోటును మింగేస్తుంది. 4 కేబీ సెక్టార్ల డిస్కులతో రైడ్-జెడ్2 కట్టి 8 కేబీ బ్లాకు వాడితే, 8 కేబీ దత్తాంశం డిస్కుల మీద 24 కేబీ ఆక్రమిస్తుంది. వీఎంలకు మిర్రర్ జతలే నా ఎంపిక. మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వీలో కథ వేరుగా ఏమీ లేదు, డైనమిక్ డిస్కులున్న హోస్టు వాల్యూమ్ నిండితే వీఎంలు పాజ్డ్-క్రిటికల్ స్థితిలో ఆగుతాయి.

ఇక మీరు ఈ వారం చేయాల్సిన వరుస. మొదట అన్ని వీఎంలకూ తాజా బ్యాకప్ తీసి, అది ఈ హోస్టు బయట ఒక చోట ఉండేలా చూడండి. కెమెరాల డిస్కును హార్డ్ డిస్కుల మీదికి మార్చండి. డిస్కును తరలించే తెరలో పాతదాన్ని తొలగించే టిక్ ఉంటుంది, అది పెట్టకుండా మార్చి, రికార్డింగు ఒక రోజు సరిగ్గా నడిచాక పాతదాన్ని చేత్తో తీసేయండి. పాత స్నాప్‌షాట్లు ఉన్నాయేమో చూడండి. డిస్కార్డ్ పెట్టి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడపండి. హెచ్చరిక స్క్రిప్టు పెట్టి, గీతను కాసేపు 10 శాతానికి దించి, సందేశం నిజంగా ఫోనుకు చేరుతుందో లేదో పరీక్షించండి. ఆ తరువాతే ఫైల్ సర్వర్ పని.

ఒక్క విషయం మీ ప్రశ్నలో లేదు: ఆ రైడ్ కార్డుకు కాష్ బ్యాటరీ ఉందా, ఎస్‌ఎస్‌డీలకు కరెంటు పోయినప్పటి రక్షణ ఉందా? వీఎం డిస్కుల కాష్ అమరిక ఏది ఉండాలన్నది దాన్ని బట్టి మారుతుంది. తెలిసే దాకా కాష్ లేదు అన్న మామూలు అమరికనే ఉంచండి, అన్‌సేఫ్ అన్నదాన్ని ఏ వీఎంకూ పెట్టకండి. ఎందుకంటే ఇప్పుడే డిస్కుకు చేర్చమని గెస్టు పంపే ఆదేశాన్ని అది పట్టించుకోదు. కార్డు మోడలు, ఎస్‌ఎస్‌డీ మోడలు రాస్తే మిగతాది చెబుతాను.